పరాయిచేతి చేవ్రాలు

కొన్ని దోషములు పెద్దవి గనుక కంటబడును. కొన్ని నిత్యము జరుగుచుండుటచేతనే కంటబడవు. మన చేతికీయవలసిన పార్సెలును మన కీయక, మన పేరిట మఱియొకరు సంతకము చేయుట యీ రెండవ తెగలోనిది. ఇంటివారు తలుపు తీయునప్పటికి కట్ట గడపమీద నుండును. లేదా వీధిమొగనున్న కిరాణాకొట్టులో నుండును. లేదా యెక్కడను ఉండదు. విచారించినచో "తమరే పుచ్చుకొన్నట్లు దాఖలా యున్నది" అని జవాబు వచ్చును. గృహస్థుడు రెండు దినములు విసుగుకొని, మూడవ దినమున వస్తువు దొరకినచో సంతోషించి, దొరకనిచో దిగమ్రింగి యూరకుండును. ఇంత స్వల్పవిషయమునకు మాసపత్రికలో చోటీయవలయునా యని చదువరులు మమ్మడుగవచ్చును. వస్తువు స్వల్పమే కావచ్చును. ఆ దాఖలాలోని యసత్యము స్వల్పము కాదని మా యభిప్రాయము.

చేవ్రాలు అను తెలుగుమాటలోనే దాని ధర్మమంతయు నిమిడియున్నది. ఎవని చేయియో వానిదే వ్రాలు. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున పత్రములను గూర్చి యొక ప్రకరణము కలదు. పత్రము ముగిసిన పిమ్మట ఋణము తీసికొన్నవాడు తన చేతితోనే తన పేరును తండ్రి పేరును వ్రాసి, పైన వ్రాయబడినది తనకు సమ్మతమని తెలుపవలెనని అందు విధింపబడినది. సాక్షులును అట్లే తమ తమ చేతులతో వ్రాయవలెను. పత్రమును వ్రాసిన లేఖకుడు సైతము, ఉభయులు కోరగా తాను వ్రాసితినని తుద జెప్పుకొనవలెను. మఱి వ్రాతరానివాని మాట యేమి? వాడు తన సమ్మతిని మఱియొకనిచే వ్రాయించవచ్చును గాని, అది సాక్షులందఱి యెదుట జరుగవలెనని ధర్మశాస్త్రకారులు నియమించిరి. వ్రాత రాదు గనుక నెవరైనను గీయవచ్చునని వారనలేదు. వ్రాత రాదు గనుకనే యెక్కువ సాక్ష్యము కావలెననిరి.

మన యిండ్లలో సుందరకాండ పారాయణము వినని చెవి యుండదు. అందు హనుమంతుడు చేసినది బట్వాడాపనియే యన్నచో నపచారము కాదని తలంచుచున్నాము. ఆయన రాముని యుంగరమును అశోకవనమున నేదో చెట్టుకొమ్మకు దగిలించి రాలేదు. ఆమె సీతయే యని ముందుగా నిశ్చయించుకొనెను, తన్ను శంకించిన యామె సందేహమును ఓపికతో తీర్చెను, పిమ్మట చేతికిచ్చెను, ఆమె యిచ్చిన చూడామణిని తిరుగురశీదుగా గొనిపోయి పంపినవానికి జేర్చెను. నూఱు యోజనముల సముద్రము దాటినవానికి, అలసితినని చెప్పుకొనుటకు మనవారి కంటె నెక్కువ హక్కే యుండెను.

ఇందుకు ప్రతికూలమైన కథ విశాఖదత్తుని ముద్రారాక్షసము. రాక్షసమంత్రి ముద్రిక చాణక్యుని చేజిక్కినది. ఆ ముద్ర పడగానే రాక్షసుడెఱుగని జాబు రాక్షసునిదైపోయినది. అక్షరములు తన మిత్రుడు శకటదాసునివి, ముద్ర తనది. మలయకేతువు ఆ జాబును ఎదుట బెట్టి యడిగినప్పుడు, అంతటి మంత్రికి కాదనుటకు నోరు లేకపోయెను. చేవ్రాలు పరుల పాలైనవానికి కలుగు నష్టమిదియే. వస్తువు పోవుట తరువాతి మాట. "నేను కాదు" అను మాటకు గల విలువ ముందుగా పోవును. సత్యము చెప్పువాడు అబద్ధీకుడై, అసత్యము గీసినవాడు దాఖలాగా నిలుచును.

తపాలావారు ఈ ధర్మమును చాలకాలము చాలవఱకు పాటించిరి. మనదేశమున మనియార్డరులు 1880లో ప్రారంభమైనవి. వ్రాతరాని ముసలమ్మకు మనియార్డరు వచ్చినప్పుడు పోస్టుమాను ఆమెచే వేలిముద్ర వేయించి, ఊరివాడు చదువరియైన యొకని సాక్షిసంతకమును దానిప్రక్కన బెట్టించుకొనవలెను. కోనసీమ గ్రామములలో నా సాక్షి తఱచుగా బడిపంతులే. ఎక్కములు చెప్పించుట నడుమ నాపి, అరుగుమీదికి వచ్చి సంతకము పెట్టిపోవుట మా వృత్తిలోని పూర్వులకు నిత్యకృత్యముగా నుండెను. పోస్టుమానులందఱు హరిశ్చంద్రులని మేము చెప్పము. వచ్చినదానిలో తమ మామూలు తగ్గించుకొని యిచ్చినవారిని గూర్చియు విన్నాము. కాని ఆ మామూలు పుచ్చుకొనినవాడు సైతము ముసలమ్మ యెదుట కూర్చుండి, ఆమె వ్రేలిని సిరాలో అద్దియే పుచ్చుకొనెను. ఆమె లేకుండ ఆమె వ్రేలు కాగితమున పడలేదు.

రిజిస్టరు తపాలా యిప్పుడు ప్రత్యేకముగా లేదు. 2025లో అది, 1986లో ఆరంభమైన స్పీడుపోస్టులో విలీనమైనది. చిరునామాదారునికో, ఆయన యధికారమిచ్చినవానికో తప్ప మఱియొకరికి ఈయరాదని కోరువారు, ఉత్తరమునకు 5 రూపాయలును పన్నును అధికముగా చెల్లించి ఆ కట్టడిని పొందవచ్చును. రుసుము హెచ్చని మేమనము. పేరు వ్రాసియున్నవానికే యిచ్చుట యనునది ఇంటిమీది డాబావలె ప్రత్యేకముగా కొనుక్కొనవలసిన సౌకర్యమైనదే యని మాత్రము కొంచెము చింత కలుగును.

ప్రైవేటు కొరియరు సంస్థలు ఈ రశీదుపద్ధతిని తపాలావారినుండియే గ్రహించినవి. సంతకమును గ్రహించినవి గాని దానివెనుకనున్న అరుగును, సాక్షిని, సిరాను గ్రహింపలేదు. ఇప్పుడు కాగితము సైతము పోయినది. ఫోను అద్దముపై వ్రేలితో గీయుమందురు. అట్లు గీసినది కోడి కెలికినట్లుండును; మన సంతకము మనకే గుర్తురాదు. ఎవరు గీసినను ఒక్కతీరుగనే యుండుననగా, ఎవరు గీసినను ఒక్కటియే యని బట్వాడా చేయువాడు తలచుటలో వింత యేమి?

నరసాపురము ప్రాంతమున లేసు అల్లుకొని జీవించు నొక వృద్ధురాలి సంగతి మా యెఱుకలోనిది. ఆమె కుమారుడు మా పూర్వవిద్యార్థి. హైదరాబాదులో నుద్యోగము చేయుచున్నాడు. ఆమెకు కంటిపొర తీయించిన పిమ్మట వైద్యుడు వ్రాసిన కంటద్దములను చేయించి, సంతకము లేనిదే యీయరాదను కట్టడికి అధికరుసుము చెల్లించి, యొక కొరియరు సంస్థద్వారా పంపెను. మూడవనాడు అతని ఫోనుకు వర్తమానము వచ్చినది: కట్ట స్వయముగా నందుకొనబడినది. తల్లి నడుగగా ఎవరును రాలేదనెను. గట్టిగా విచారించినమీదట సంస్థవారు సంతకపు ప్రతిని పంపిరి. అది యింగ్లీషు సంతకము. క్రింద నొక గీతయు, గీతక్రింద రెండు చుక్కలును గలవు. ఆ తల్లికి తెలుగు అక్షరములే రావు. బ్యాంకులోనైనను, రేషనుకొట్టులోనైనను ఆమెది నిశానీయే. మావంటి పంతుళ్లు అరువదియేండ్లుగా చేయజాలని యక్షరోద్ధరణమును ఆ బట్వాడాదారు ఒక్క నిమిషములో నెఱవేర్చెను! "నా సంతకం ఎలా ఉందో ఓసారి చూపించు నాయనా" అని ఆమె నవ్వుచు కుమారు నడిగినదట.

కట్ట పదునొకండు దినములకు బస్సుస్టాండు చెంత నొక దుకాణములో దొరకినది. అద్దములు పగులలేదు. "వస్తువు చేరినది గదా" అని సంస్థవారు ఫిర్యాదును మూసివేసిరి.

ఆ పదునొకండు దినములును ఆమె అల్లికసూది పట్టలేదు. లేసుపనికి దినకూలి లేదు, అల్లినదానికే డబ్బు. నరసాపురము లేసుకు 2024లో భౌగోళికపు గుర్తింపు వచ్చినది. ఆ గుర్తింపు సూది పట్టినచేతికి ఎంత చేరునో వేఱుమాట. జర్మనీ దేశపు విదుషి మరియా మీస్ యీ స్త్రీలను గూర్చి 1982లో నొక గ్రంథము ప్రకటించినది. వీరు గంటలకొలది యల్లుచున్నను, ఇంటిపట్టున తీరికవేళ నేదో చేసికొను గృహిణులుగా నెంచబడుటయే గాని పనివారుగా నెంచబడుట లేదని ఆమె చూపినది. ఇప్పుడు మా విద్యార్థి తల్లి సంగతి చూడుడు. ఆమె చేసిన పని యే పుస్తకములోను ఎక్కదు. ఆమె చేయని సంతకము మాత్రము పుస్తకమున నెక్కినది.

చట్టము నిట్టివేళ నాశ్రయింపవచ్చును గదా యందురు. చట్టము దాఖలాను నమ్మును. నమ్మకున్న వ్యవహారము సాగదు. 1897నాటి జనరల్ క్లాజుల చట్టము 27వ సెక్షను ప్రకారము, సరియైన విలాసముతో, రుసుము చెల్లించి, రిజిస్టరు తపాలాలో బంపిన కాగితము, మాఱుగా ఋజువు కానంతవఱకు చేరినట్లే యెంచబడును. ఋజువుభారము అందలేదనువానిది. చెల్లని చెక్కును గూర్చిన నోటీసు అందిన 15 దినములలో సొమ్ము చెల్లింపకున్న నేరము నడచునని 1881నాటి చట్టము 138వ సెక్షను చెప్పుచున్నది. ఆ నోటీసుపై ఎవడో గీసిన గీత యొక గృహస్థుని ముద్దాయిని చేయగలదు. ఇక నష్టపరిహారమన్ననో, తపాలాశాఖ 1898నాటి చట్టము 6వ సెక్షనుచే పోగొట్టుటకును, తప్పుచోట నిచ్చుటకును, ఆలస్యమునకును బాధ్యత లేకుండ రక్షింపబడుచుండెను. ఉద్యోగి వంచనచేతనో, బుద్ధిపూర్వకముగనో చేసిన దోషము మాత్రము అందులకు వెలి. 2024 జూను 18 నుండి అమలులోనికి వచ్చిన 2023నాటి క్రొత్త చట్టమును ఆ రక్షణను చాలవఱకు నిలిపియే యుంచినది.

ప్రైవేటు సంస్థల మాటయు వినదగినది. భారతీ నిట్టింగు కంపెనీ డీహెచ్ఎల్ సంస్థపై తెచ్చిన వ్యాజ్యమున 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. పంపినవాడు రశీదుకాగితముపై సంతకము చేసినాడు గనుక, దానిపై అచ్చువేయబడిన బాధ్యతపరిమితికి, అనగా నూఱు డాలర్లకు, ఆయన కట్టుబడవలసినదే యని దాని సారము. తీర్పును మేము తప్పుపట్టము. సంతకము చేసినవాడు దానికి లోబడవలెను. అయితే పంపినవాని సంతకమున కింత బలమున్నప్పుడు, పుచ్చుకొనువాని సంతకమునకు ఆ బలమేల లేకపోవలెను? పంపునప్పుడది ఉక్కుగొలుసు; అందించునప్పుడది కోడిగీత.

ఇంతకును దోషి యెవడు? బట్వాడాచేయు కుఱ్ఱవాడని చప్పున ననుట సులభము. వాని దినము నొకమాఱు చూతము. వీరిలో పలువురికి కట్ట కింతయని కూలి. అందించిన కట్టకే డబ్బు. తిరిగి తెచ్చినదానికి లేదు, ఉన్నను నిష్ఠూరము వెంటవచ్చును. మండువేసవిలో పాలకొల్లునుండి బయలుదేఱి కాలువగట్లవెంట యూరూర తిరుగువానికి, తాళమువేసిన తలుపు ఒక పూట పెట్రోలును మ్రింగివేయును. వఱదకాలమున లంకగ్రామములకు పడవపై బోవలెను. రేవుదాక వచ్చి, పడవ లేదని తెలిసి, "ఇల్లు తాళము వేసియున్నది" అని ఫోనులో నొక్కువాడు అబద్ధ మాడుచున్నాడు, నిజమే. కాని ఆ ఫోనులో "పడవ లేదు" అని నొక్కుటకు గడి యుండదు. యజమాని నిర్మించిన పట్టికలో లేని సత్యమును పనివాడెట్లు వ్రాయును?

గోదావరి రైతున కీసంగతి క్రొత్తది కాదు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైననాటినుండి శివారు ఆయకట్టువాని మొఱ యొక్కటే: కాగితములో నీరందినది, పొలములో నందలేదు. లాకు దగ్గఱ కొలబద్దను చూచి వ్రాసినవాడు వ్రాసినది యసత్యము కాకపోవచ్చును. కాలువ తుదకు బోయి చూచి వ్రాయవలెనను పద్ధతి లేకపోవుటయే యసత్యము. పై యధికారికి లెక్క సరిపోవలెను. క్రిందివాడు సరిపోవు లెక్కను దెచ్చియిచ్చును. "ఇయ్యలేకపోయితిని" అన్నవానిని దండించి, "ఇచ్చితిని" అన్నవానికి కూలియిచ్చు సంస్థ, రుసుము పుచ్చుకొని యసత్యమును తయారుచేయుచున్నదనుట యతిశయోక్తి కాదు. మా విద్యార్థి తల్లియు అల్లినంతకే కూలి పొందునది. ఆ బట్వాడాదారును ఇచ్చినంతకే కూలి పొందువాడు. ఒకరి కూలి యొకరు పోగొట్టుకొనునట్లు వీరిని తారసపఱచినవారు మాత్రము నెలజీతములపై చల్లని గదులలో నున్నారు.

మన గృహముల వంతునుగూడ చెప్పకతప్పదు. "నువ్వే గీసేసుకో నాయనా" అని వంటయింటినుండి కేకవేయు నిల్లాలు ఎన్ని యిండ్లలో లేదు? భోజనముచేయుచు లేవనిష్టపడని గృహస్థు డెందఱు లేరు? ఓటీపీ యను సంఖ్య యింటివాని సమ్మతికి గుఱుతుగా నేర్పడినది. దానిని కట్ట రాకమునుపే ఫోనులో చెప్పివేసి, "ఎక్కడైనా పెట్టేసి వెళ్లు" అనుట పరిపాటియైనది. మడికట్టుకొన్న పెద్దలు కొందఱు నేటికిని, వచ్చినవాడెవడో తెలియదని, వాని చేతినుండి కట్టను గాని కలమును గాని పుచ్చుకొనరు. గడపకవతల బెట్టి, సంతకము తానే పెట్టుకొని పొమ్మందురు. అంటరాదనబడిన యా చేయి యింటివారి సంతకము చేయుటకు మాత్రము పనికివచ్చుచున్నది! ఈ గీతను వానికి మొట్టమొదట నేర్పినది మన వాకిళ్లే. ఆత్రేయపురము పూతరేకుల పెట్టె అట్లు గడపకవతల నుండి చీమలకు బట్వాడాయైనప్పుడు నవ్వి యూరకుందుము. ఆ యలవాటే మఱునాడు లంకలోని కువైటుప్రయాణికురాలి పాస్‌పోర్టుకట్టకు ప్రాకినప్పుడు నవ్వువా రుండరు.

ఇక ఫిర్యాదు సంగతి. మా విద్యార్థి చాలదినములు సంశయించెను. "ఆ కుర్రాడిది పక్క ఊరేనండీ మేష్టారూ, నేను రాస్తే వాడి ఉద్యోగం పోతుంది" అని మాతో ననెను. ఈ దయ మంచిదే. దీనిని మేము తేలికగా త్రోసివేయజాలము. పెద్ద సంస్థలలో ఫిర్యాదు మెట్లు దిగి దిగి కడపటిమెట్టు నందున్నవాని తలపైననే పడునని యెల్లరెఱుగుదురు. అయినను దయ చూపువాడు తనకు రావలసినదానిని విడువవచ్చును గాని, ఇతరులకు రావలసినదానిని విడువరాదు. ఇక్కడ పోయినవి తల్లి పదునొకండు దినముల కూలియు, ఆమె పేరును. వానిని క్షమించు నధికారము ఆమెది. అదియునుగాక, చదువుకొన్న కుమారుడు గలయామె విషయముననే యిట్లు జరుగగా, అడుగుటకు ఎవరును లేని నిశానీవారి పేరిట ఎన్ని యింగ్లీషు సంతకములు వెలసియుండునో!

కాబట్టి ఫిర్యాదు చేయవలెననియే మే మాతనికి చెప్పితిమి. అయితే మనిషిపై గాక, ఆ దాఖలాపై చేయవలెనంటిమి. "మీ కుఱ్ఱవాడు దొంగ" అని వ్రాయుటకును, "మీ దాఖలాలో 'స్వయముగా' అని యున్నది, చిరునామాదారు నిశానీ మాత్రమే యెఱిగిన స్త్రీ, ఆ మాటను కొట్టివేసి, నిజముగా పుచ్చుకొన్నవా రెవరో వ్రాయుడు, ఇల్లు చేరలేనిచో చేరలేదని వ్రాయుటకు మీ పనివానికి వీలున్నదా, వ్రాసినచో వాని కూలి పోవునా, తెలుపుడు" అని వ్రాయుటకును చాల భేదమున్నది. మొదటిదానికి సంస్థ ఒకనిని తొలగించి చేతులు కడుగుకొనును. రెండవదానికి పైవాడే ప్రత్యుత్తర మీయవలెను. ప్రత్యుత్తరము రానిచో 1915 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. పిమ్మట జిల్లా వినియోగదారుల కమీషనున్నది. 2019నాటి చట్టము చేసిన మేలొకటి యేమనగా, సంస్థ ప్రధానకార్యాలయము బొంబాయిలో నున్నను ఫిర్యాదుదారు తాను కాపురమున్న జిల్లాలోనే దాఖలు చేయవచ్చును. 5 లక్షల రూపాయలలోపు విలువకు రుసుము లేదు. వకీలును పెట్టుకొనియే తీరవలెనను నిర్బంధమును లేదు. ఇంతయు తెలిసినవారు సైతము, అయిదువందల వస్తువునకై యింత శ్రమ యేల యందురు. శ్రమ వస్తువునకై కాదని పైన చెప్పియున్నాము.

అతడు వ్రాసెను. పరిహారము కోరలేదు; కుఱ్ఱవాని పేరు వ్రాయలేదు. తల్లి యాధారుకార్డు ప్రతిని, బ్యాంకు పుస్తకముపైనున్న నిశానీ ప్రతిని జతపఱచి, దాఖలాను దిద్దుమని మాత్రమే కోరెను. సంస్థవారు విచారము తెలుపుచు, మఱియొక పర్యాయము పార్సెలు పంపునప్పుడు నూఱు రూపాయలు తగ్గింతుమని చీటి పంపిరి. దాఖలాను దిద్దు నధికారము తమ శాఖకు లేదనిరి. అతడు మరల వ్రాసియున్నాడు. ఆ పట్టికలో ఆమె యిప్పటికిని ఇంగ్లీషున సంతకము చేసియే యున్నది.